ముప్పై మూడు మీద పాడిన రాణి

మా బాపు చీర కడితే మా అమ్మకంటే అందంగా ఉంటాడన్నది కొత్తకోటలో ఎవరూ కాదనని మాట. అమ్మే కాదనలేదు. "కట్టేది నా చీర, మెప్పేమో ఆయనకు," అని దసరా వచ్చినప్పుడల్లా గొణిగేది. గొణుగుతూనే పెట్టెలోంచి తన పెళ్ళిచీర తీసి ఇచ్చేది. రాణి వెలిసిపోయిన చీరలో స్టేజీ ఎక్కితే పోయేది బాపు పరువు కాదు, అమ్మ పరువు.

బాపు దర్జీ. బస్టాండు ఎదురుగా ఒక మిషను, ఒక కత్తెర, గోడకు ఒక అద్దం, అంతే దుకాణం. కానీ దసరా నాటకంలో మాత్రం పద్యాలు పాడే రాణి. పెళ్ళికి ముందు నుంచీ ఆడవేషాలే వేశాడు, మీసమన్నది ఎన్నడూ పెంచలేదు. నాటకం దగ్గర పడిందంటే కాళ్ళకు పట్టీలు కట్టుకుని ఇంట్లో అటూ ఇటూ నడిచేవాడు, వెనక నేను. కుచ్చిళ్ళు ఎట్లా పెట్టుకోవాలో, కూర్చునేటప్పుడు కొంగు ఎట్లా సర్దుకోవాలో నాకు నేర్పింది బాపే. అమ్మకు అంత ఓపిక లేదు. మీరు నవ్వితే నవ్వండి, ఇప్పటికీ ఎవరైనా నా నడక బాగుందంటే నేను మురిసిపోతాను. అది మా బాపు నడక.

ఎనభైల చివర్లో, నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, నన్ను చూసుకోవడానికి ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. చాయ్ తాగుతూ వాళ్ళలో పెద్దాయన ఒకడు బాపును ఎగాదిగా చూశాడు. "నువ్వు గా నాటకంల ఆడేషం వేసేటాయనవు గద," అన్నాడు. బాపు సంబరంగా ఔనన్నాడు. "అయితే పిల్లకు ఇద్దరు తల్లులన్నట్టు," అన్నాడు పెద్దాయన. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బాపూ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చాయ్ ఆయన బట్టతల మీద పోసేదాన్నే, నా చేతిలో ఉన్నది ఖాళీ కప్పు కాబట్టి బతికిపోయాడు. ఆ సంబంధం కుదరలేదు, పీడ వదిలింది. కానీ మర్నాడే బాపు నాటకం పెట్టెకు తాళం వేశాడు. గడ్డం గీసుకుంటూ పైపెదవి వదిలేశాడు.

మీసం వచ్చింది. నల్లగా, దట్టంగా, ఎవరికో పెట్టబోయి మా బాపుకు పెట్టినట్టు వచ్చింది. దానికి నూనె రాసి దువ్వుతుంటే అమ్మ చూడలేకపోయేది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె," అని అటు తిరిగి పడుకునేది. నాటకం వాళ్ళు వచ్చి అడిగితే "వయసైంది, ఇగ నాతోని కాదు" అన్నాడు. వయసేమిటి, నలభై దాటి ఎన్నాళ్ళయిందని? వాళ్ళు ఆ దసరాకు కర్నూలు నుంచి ఒకామెను పిలిపించుకున్నారు. ఆ రోజంతా బాపు ఇంట్లోనే కూర్చుని ఎవరివో జాకెట్లకు హుక్కులు కుట్టాడు. మిషను తొక్కుతూ పద్యం తీసే మనిషి, కూనిరాగం కూడా మానేశాడు. బాపు మళ్ళీ పాడాలి. ఆ రోజుల్లో నాకున్న కోరిక అదొక్కటే. పెళ్ళి సంగతి కూడా దాని తర్వాతే.

బాపు దుకాణానికి గోడ అవతలి దుకాణం మైక్‌సెట్ చాచాది. పెళ్ళిళ్ళకు, పీర్ల పండుగకు, జాతరలకు, ఓట్ల మీటింగులకు, దేనికైనా లౌడ్‌స్పీకర్లు కట్టేది ఆయనే. అప్పటికి క్యాసెట్లు వచ్చేశాయి. అయినా చాచా తన రికార్డ్ ప్లేయరును పక్కన పెట్టలేదు. "క్యాసెట్ నీళ్ళ చాయ్, ప్లేటు మలాయి చాయ్," అనేవాడు. రికార్డును అందరూ ప్లేటనే అనేవాళ్ళం.

మరుసటి ఎండాకాలంలో ఒకరోజు బస్టాండు ముందు ఒక కారు పొగలు కక్కుతూ ఆగింది. బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న కారు. అందులోంచి దిగిన సారు ముందు ఇంజను సంగతి చూడాలి కదా, చూడలేదు. వెనక సీటులోంచి ఒక పెద్ద అట్టపెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని నీడ కోసం పరుగెత్తాడు. కనబడిన మొదటి నీడ చాచా దుకాణం. "రికార్డులండీ, ఎండకు వంగిపోతాయి, కాసేపు ఇక్కడ పెట్టనిస్తారా?" అని అడిగాడు. ప్లేట్ల మీద అంత ప్రేమ ఉన్న మనిషిని చూసి చాచా కుర్చీ తుడిచి మరీ వేశాడు. మెకానిక్ వచ్చాడు, నీళ్ళు పోశాడు, ఏదో బిగించాడు. కారు కదిలేసరికి సారు ఆ ఆనందంలో ఎక్కి వెళ్ళిపోయాడు. పెట్టె చాచా బల్ల మీదే ఉండిపోయింది.

ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని చూశాం. రాలేదు. చాచా ఆ పెట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. "అమానత్ బేటీ. ఒకరు నమ్మి పెట్టిన సొమ్ము. ముట్టొద్దు," అన్నాడు నాతో. బంగారమైనా సరే, అమానత్ అన్నాక చాచా దాని వైపు చూడడు. కానీ అది బంగారం కాదు, ప్లేట్లు. చాచాకు నిద్ర పట్టలేదు.

వానలు పడగానే ఆయనకు ఒక ఉపాయం తోచింది. "తడికి బూజు పడ్తది మాస్టర్. నమ్మి పెట్టిన సొమ్ము బూజు పట్టిపోతే అల్లాకు ఏమని జవాబు చెప్పాలె? అప్పుడప్పుడు తిప్పాలె," అన్నాడు బాపుతో. దర్జీ కాబట్టి బాపు ఆయనకు మాస్టర్.

"తిప్పితే పాడదా?" అన్నాడు బాపు.

"పాడ్తది. గది మన తప్పు గాదు," అన్నాడు చాచా.

అలా ఒక మధ్యాహ్నం పెట్టె తెరుచుకుంది. ఇంగ్లీషు చదివినదాన్నని నన్ను పిలిచారు. లోపలి పుస్తకం ఏ దేశం భాషో, ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టె పైన బంగారు రంగు కాగితం ఒకటి అంటించి ఉంది, అది మాత్రం ఇంగ్లీషు. ఇది పాటలతో నడిచే పెద్ద నాటకం, ముప్పై ఏళ్ళ కింద జనం ముందు ఆడుతుండగా స్టేజీ దగ్గరే రికార్డు చేశారు, చెవి ఉన్నవాళ్ళ కోసం ఇప్పుడు బరువైన ప్లేట్ల మీద కొత్తగా అచ్చు వేశారు, అని దాని సారాంశం. చాచా ఒక ప్లేటును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తూచాడు. "ఇది ప్లేటు గాదు, రోటిరాయి," అన్నాడు భక్తితో.

ప్లేటు నడుమ కాగితం మీద 45 అని కనిపించింది. ఆ సంగతి చెప్పాను.

"నిమిషానికి నలభై ఐదు చుట్లంటే చిన్న ప్లేటు బేటీ. పెద్ద ప్లేటు ముప్పై మూడు. పెళ్ళయిన కాడికెళ్ళి ఇదే పని చేస్తున్న," అని చాచా మీటను ముప్పై మూడు మీదికి తోశాడు. నాకేం తెలుసు, ఊరుకున్నాను.

ముందు వాయిద్యాలు వచ్చాయి, నీళ్ళలో నడిచే ఏనుగుల్లా మెల్లగా. తర్వాత జనం దగ్గులు. అవీ మామూలు దగ్గులు కావు, బర్రెలు దగ్గినట్టు. తర్వాత రాజు పాడాడు. గొంతు బావి అడుగునుంచి వస్తోంది. "పాపం, రాజుకు సర్ది అయినట్టుంది," అన్నాడు బాపు. నేను నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

అప్పుడు రాణి అందుకుంది.

బాపు చేతిలో కొలతల టేపు అలాగే ఉండిపోయింది. ఆ గొంతు మెత్తగా ఉంది, కానీ ఆడగొంతు కాదు. పైకి పోతున్నకొద్దీ లోపలి బరువు తెలుస్తోంది. ఎవరో వదిలేసి పోయిన రాణి అని ఏడుపును బట్టి అర్థమైంది. కాసేపు విన్నాక బాపు చాచా భుజం పట్టుకున్నాడు.

"భాయ్. గిది ఆడేషం."

"ఏందీ?"

"పాడేది మొగాయన. నా చెవి మీద ఒట్టు."

చాచా మళ్ళీ విన్నాడు. నేనూ విన్నాను. నిజమే, మగవాడే. పెట్టె మీద కిరీటం పెట్టుకున్న రాణి ఫోటో ఉంది. బాపు దాన్ని వెలుతురుకు తీసుకుపోయి, కొత్తగుడ్డ పోగులు చూసినట్టు చూశాడు. "దవడ చూడు. మొగ దవడ. భుజాలు చూడు. మెడకు గంత పెద్ద హారం ఎందుకు? గొంతుముడి కనబడొద్దని. నేనూ గిట్లనే పెడ్త," అన్నాడు. కింద ఏదో పేరు రాసి ఉంది. చదివి చెప్పాను. అది ఆడవాళ్ళ పేరో మగవాళ్ళ పేరో ముగ్గురిలో ఎవరికి తెలుసు?

పాట ముగిసింది. చప్పట్లు. అబ్బో, అవి చప్పట్లా! ఒకరి తర్వాత ఒకరు, మెల్లగా, బరువుగా, ఎంతకూ ఆగవు. ఎవరెవరో ఏదేదో అరుస్తున్నారు. బాపు కళ్ళు మెరుస్తున్నాయి. "ముప్పై ఏండ్లాయె పాడి. గిప్పుడు మల్ల కొత్త ప్లేట్లు చేసి అమ్ముతున్రు. ఆడేషమాయన పాట. దొరల దేశంల. ఒక్కడన్న నవ్విండా భాయ్? ఇన్నవా ఎవడన్న నవ్వింది?"

"ఒక్కడు నవ్వలే," అన్నాడు చాచా.

ఆ వానాకాలమంతా మా బజారుకు పిచ్చి పట్టింది. మధ్యాహ్నం కాగానే బూజు వంక, రాణి పాట. బస్సు కోసం వచ్చిన వాళ్ళు బస్సులు తప్పిపోయి వినేవాళ్ళు. బెల్లం కొట్టాయన, ఫలానా దగ్గర దగ్గేది ఒకడే మనిషి, వానికి మొదటి రోజు నుంచి దగ్గే అని లెక్క తేల్చాడు. బాపు వచ్చిన ప్రతివాడికీ దవడ చూపించేవాడు. జాకెట్ల కొలతకు వచ్చిన ఆడవాళ్ళకు కూడా చూపించేవాడు. వాళ్ళు పమిట నోటికి అడ్డం పెట్టుకుని "అవునన్నా, మొగాయనే" అనేవాళ్ళు. చివరికి ఒక పొద్దున నేను నీళ్ళు తోడుతుంటే పెరట్లో కూనిరాగం వినిపించింది. చేద వదిలేసి పరుగెత్తాను. బాపు అద్దం ముందు కూర్చున్నాడు. మొహమంతా సబ్బు నురగ. మీసం సగం పోయింది, సగం ఉంది. పాడుతున్నాడు.

నేను ఎగిరి గంతులేశాను. నిజంగానే వేశాను, పద్దెనిమిదేళ్ళ గాడిదను. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఆ మిగిలిన సగం గూడ తీసెయ్యి, మళ్ళ మనసు మారుతదేమో," అంది.

దసరా వచ్చింది. బస్టాండు వెనక మైదానంలో స్టేజీ కట్టారు. పొద్దు ఇంకా వాలలేదు, చాపలు వేసుకుని జనం అప్పుడే కూర్చుంటున్నారు. పక్కన పరదాలు కట్టిన చాటులో బాపు మొహానికి రంగు పడింది, కళ్ళకు కాటుక పడింది. అమ్మ ఎప్పుడూ చీర పంపేదే కాని ఆ చాటుకు వచ్చేది కాదు. ఆ ఏడు తనే తీసుకొచ్చింది. నేను పిన్నీసులు నోట్లో పట్టుకుని నిలబడ్డాను. నాటకం మొదలయ్యేదాకా మైకులో పాటలు వేస్తారు కదా, "మన రాణిని పెట్టు భాయ్," అని బాపు కేకేశాడు. చాచా పెట్టాడు. నాలుగు దిక్కుల లౌడ్‌స్పీకర్లలో ఆ బరువైన గొంతు రోడ్డు మీదికి పోయింది.

రోడ్డు మీద ఒక కారు కీచుమని ఆగింది.

ఆ సారే. పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ ఎండాకాలం ప్రయాణంలో ఆయన కారు ఊరూరా ఆగిందట. ఆగిన ప్రతిచోటా పెట్టెను నీడలో పెట్టాడట. ఎక్కడ మరిచిపోయాడో గుర్తు రాక, మా ఊరు ఒక్కటి వదిలేసి పెబ్బేరులో, అడ్డాకులలో, జడ్చర్లలో కనిపించిన వాళ్ళందరినీ అడిగి ఆశ వదులుకున్నాడట. ఇదంతా తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం చాచా దగ్గరికి వచ్చి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, ఇది నలభై ఐదు మీద తిరగాలండీ! మెల్లగా తిప్పితే గొంతులన్నీ లావైపోతాయి! సౌండు బాగా రావాలని పెద్ద రికార్డునే నలభై ఐదుకు చేశారు."

"పెద్ద ప్లేటు నలభై ఐదా? గిదెక్కడి న్యాయం సార్?" అన్నాడు చాచా. సారు అప్పటికే మీట తోశాడు.

రాజు సర్ది ఒక్క క్షణంలో వదిలిపోయింది. దగ్గే బర్రెలు మనుషులైపోయాయి. రాణి గొంతు సన్నబడి, పైకి లేచి, తళతళా మెరిసింది. ఆడగొంతు. ఎంత మూర్ఖుడు విన్నా ఆడగొంతే.

చాటులో రాజు వేషమాయన కిరీటం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఏంది మాస్టర్, నీ జోడుగాడు ఆడామె అయిపాయె గద!" అన్నాడు. తబలా ఆయన నవ్వాడు. హార్మోనియం ఆయన నవ్వాడు. అది సంబంధం వాళ్ళు చాయ్ తాగిన నాటి నవ్వే, ఏం తేడా లేదు. బాపు నవ్వలేదు. సగం కట్టిన చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని చాచా దగ్గరికి నడిచాడు, వెనక నేను. మీసం లేదు, మొహాన రంగు, నుదుట బొట్టు, పరదా అవతల ఊరంతా. ఇప్పుడు గనక మొహం కడుక్కుని ఇంటికి పోతే ఇక జన్మలో పాడడని నాకు తెలుసు. నా నోట్లో పిన్నీసులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సారును ఏమేం తిట్టేదాన్నో.

"సార్, గామె నిజంగ ఆడామేనా?" అన్నాడు బాపు.

సారు బాపును చూశాడు. చీరను చూశాడు, పట్టీలు చూశాడు. తను ఏం చేశాడో అప్పుడు అర్థమైనట్టుంది. "అవునండీ," అన్నాడు గొంతు తగ్గించి. "చాలా పెద్ద గాయని."

బాపు ఆ పాట అయిపోయేదాకా నిలబడి విన్నాడు. చప్పట్లు కూడా విన్నాడు. ఇప్పుడవి చకచకా, ఉత్త చప్పట్లలాగే ఉన్నాయి. చాటులోకి వెనక్కి వచ్చి నాటకం పెట్టె మీద కూర్చున్నాడు.

"అంటే గా మొగాయన లేనే లేడన్నట్టు," అన్నాడు. "నేనొక్కన్నే అన్నట్టు."

నాకు ఏడుపొచ్చింది. వానాకాలమంతా ఆ మనిషిని నేనూ ప్రేమించాను కదా, ఆ దవడను, ఆ భుజాలను, ఎక్కడో దొరల దేశంలో మా బాపుకు ఒక తోడున్నాడన్న మాటను.

"ఒక్కనివే," అంది అమ్మ. "గా సంగతి గిప్పుడు తెలిసిందా? నాకు పెండ్లినాడే తెలుసు. లే, నిలబడు. కుచ్చిళ్ళు జారిపోతున్నయి."

బాపు నిలబడ్డాడు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క కుచ్చీ సాపు చేసి దోపింది. నా నోట్లోంచి ఒక్కో పిన్నీసూ తీసుకుంది. కొంగు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "మంచిగున్నవు," అంది. అంత మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. రాజు వేషమాయన నవ్వు ఆపి కిరీటం పెట్టుకున్నాడు.

సారు పెట్టె తీసుకుని వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు చాప మీద కూర్చున్నాడు. తెర దగ్గరికి పోతూ బాపు ఆయన ముందు ఆగాడు. "ఆడామె ఆడామె లెక్క పాడుడు మంచిగనే ఉంటది సార్. జర కూసోని నాది గూడ ఇనుండ్రి," అన్నాడు. సారు తల ఊపాడు.

హార్మోనియం అందుకుంది. బాపు మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, మళ్ళీ పక్కకు తిరిగాడు.

"భాయ్, సౌండు పెంచు," అన్నాడు చాచాతో. "ఉన్నది ఒక్కన్నే గద. అందరికి ఇనబడాలె."

చాచా పెంచాడు.